పాత స్పోర్ట్స్ కారుకు పవర్ బ్రేకులా, మామూలు బ్రేకులా? పెడల్ వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా: పవర్ బ్రేకులంటే బూస్టర్ ఉన్నవి, మామూలువంటే లేనివి. బూస్టర్ అంటే ఇంజిన్ గాలిని పీల్చే బలంతో, అంటే వ్యాక్యూమ్‌తో, కాలి నొక్కుడుకు తోడయ్యే డబ్బా. అది ఉన్నంత మాత్రాన కారు తక్కువ దూరంలో ఆగదు. కాలికి శ్రమ తగ్గుతుంది, అంతే. పెడల్ నిష్పత్తి, మాస్టర్ సిలిండర్ (బ్రేకు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టేది) బోరు, అంటే లోపలి వ్యాసం, కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కేది) పిస్టన్ల వైశాల్యం మూడూ ఒకదానికొకటి కుదిరితే తేలికైన కారు బూస్టర్ లేకుండానే చక్కగా ఆగుతుంది. కుదరకపోతే బూస్టర్ పెట్టినా తలనొప్పే, తీసినా తలనొప్పే. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఇంజిన్ ఎంత వ్యాక్యూమ్ ఇస్తోందో గేజి పెట్టి చూడకుండా బూస్టర్ కొనడం తొందరపాటు.

పాత స్పోర్ట్స్ కారును బాగుచేయించేవాళ్లకు బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి రెండు సలహాలు వినిపిస్తాయి. బూస్టర్ తీసేస్తే బ్రేకు పట్టు కాలికి సూటిగా తెలుస్తుంది, బరువు తగ్గుతుంది, ఇంజిన్ గదిలో చోటు మిగులుతుంది అన్నది ఒకటి. డిస్కు బ్రేకులున్న కారును బూస్టర్ లేకుండా నడపడం ప్రమాదం అన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. రెండూ వదిలేసే విషయం కూడా ఒకటుంది. ఫ్యాక్టరీ నుంచి పవర్ బ్రేకులతో వచ్చిన కారంటే మామూలు బ్రేకుల కారుకు బూస్టర్ తగిలించినది కాదు. దాని పెడల్ అమరిక వేరు, మాస్టర్ సిలిండర్ వేరు. అందువల్ల ఒక్క బూస్టర్‌ను మాత్రమే పెట్టినా తీసినా మిగిలేది ఎటూ కాని బ్రేకు.

## పెడల్ దగ్గర మొదలయ్యే లెక్క

బ్రేకు పెడల్ ఒక మీట. పెడల్ వేలాడే పిన్ను నుంచి పాదం ఆనే చోటి వరకు ఉన్న దూరాన్ని, అదే పిన్ను నుంచి పుష్‌రాడ్ (మాస్టర్ సిలిండర్‌ను నెట్టే కడ్డీ) తగిలే రంధ్రం వరకు ఉన్న దూరంతో భాగిస్తే పెడల్ నిష్పత్తి వస్తుంది. మొదటిది 300 మిల్లీమీటర్లు, రెండోది 50 అయితే నిష్పత్తి 6. రంధ్రం పిన్నుకు 75 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే 4. మామూలు బ్రేకులకు 6 చుట్టుపక్కల, పవర్ బ్రేకులకు 4 చుట్టుపక్కల ఉండడం పరిపాటి.

1965 నుంచి నాలుగు చక్రాలకూ డిస్కులతో వచ్చిన షెవర్లే కార్వెట్‌లో ఇది కంటికే కనిపిస్తుంది. ఆ కారులో పవర్ బ్రేకులు అదనపు డబ్బు కడితేనే వచ్చేవి. పెడల్ చేతికి రెండు రంధ్రాలు ఉంటాయి. పైది మామూలు బ్రేకులకు, కిందిది బూస్టర్‌కు. పై రంధ్రం పిన్నుకు దగ్గర కాబట్టి అక్కడ మీట బలం ఎక్కువ, పెడల్ దిగే దూరమూ ఎక్కువ.

రెండో అంశం మాస్టర్ సిలిండర్ బోరు. సన్న సిరంజిని తక్కువ బలంతో నొక్కవచ్చు గానీ అంతే మందు బయటికి రావాలంటే ఎక్కువ దూరం నెట్టాలి, లావు సిరంజికి సరిగ్గా తిరగబడుతుంది. 7/8 అంగుళం బోరు వైశాల్యం 3.88 చదరపు సెంటీమీటర్లు, అంగుళం బోరుది 5.07, 1-1/8 అంగుళాల బోరుది 6.41. చూడ్డానికి మూడు సిలిండర్లూ ఒకేలా ఉంటాయి. చిన్నదానికీ పెద్దదానికీ ఒత్తిడిలో తేడా మాత్రం ఒకటికి ఒకటిన్నర రెట్లు పైనే.

పాదం 30 కిలోల బలంతో నొక్కిందనుకుందాం. గట్టిగా బ్రేకు వేసేటప్పుడు ఇది ఎవరికైనా సాధ్యమయ్యే బలమే. నిష్పత్తి 6 అయితే పుష్‌రాడ్ మీద 180 కిలోలు పడతాయి. 7/8 బోరులో అది చదరపు సెంటీమీటరుకు 46 కిలోల ఒత్తిడి, అంగుళం బోరులో 35, 1-1/8లో 28 అవుతుంది. ఇప్పుడు పవర్ బ్రేకుల కారు పెడల్‌ను అలాగే ఉంచి, 1-1/8 సిలిండర్‌నూ అలాగే ఉంచి, బూస్టర్ ఒక్కటి తీసేస్తే ఏమవుతుంది? నిష్పత్తి 4, బలం 120 కిలోలు, ఒత్తిడి 19 లోపే. 7/8 బోరుతో అమర్చిన మామూలు బ్రేకుల్లో వచ్చే ఒత్తిడిలో సగం కూడా లేదు, అంగుళం బోరుతో పోల్చినా సగానికి కాస్త పైన మాత్రమే. ‘బూస్టర్ తీసేశాక పెడల్ రాయిలా తయారైంది, కారు ఆగడం లేదు’ అన్న ఫిర్యాదుకు మూలం ఇదే.

దూరం వైపు నుంచి చూస్తే చిత్రం తలకిందులవుతుంది. నిష్పత్తి 4 నుంచి 6కు, బోరు 1-1/8 నుంచి 7/8కు మారితే అంతే బ్రేకు ఆయిల్‌ను నెట్టడానికి పెడల్ దాదాపు రెండున్నర రెట్లు దిగాలి. ముందు 30 మిల్లీమీటర్లు దిగే పెడల్ ఇప్పుడు 75 దిగుతుంది. నేలకు తాకకుండా ఉండే వెసులుబాటు అంత ఉంటే ఫరవాలేదు. లైన్లలో కాస్త గాలి మిగిలినా, వెనక డ్రమ్ముల సర్దుబాటు వదులుగా ఉన్నా ఆ వెసులుబాటు ఇట్టే అయిపోతుంది. అందుకే నాలుగు పిస్టన్ల పెద్ద కాలిపర్లున్న కారుకు 7/8 కంటే అంగుళం లేదా 15/16 బోరు నప్పుతుంది. కార్వెట్‌లో మామూలు బ్రేకులకు ఫ్యాక్టరీ అంగుళం బోరే వాడింది, పవర్‌కు 1-1/8.

## బూస్టర్ లోపల జరిగేది

బూస్టర్ అంటే గుండ్రటి రేకు డబ్బా, మధ్యలో రబ్బరు డయాఫ్రమ్. పెడల్ నొక్కనప్పుడు డయాఫ్రమ్‌కు రెండు వైపులా ఇంజిన్ వ్యాక్యూమ్ ఉంటుంది. పెడల్ నొక్కగానే వెనక వైపు బయటి గాలికి వాల్వ్ తెరుచుకుంటుంది. గాలి పీడనం డయాఫ్రమ్‌ను ముందుకు తోస్తుంది. ఆ తోపు కాలి బలానికి తోడవుతుంది.

ఎంత తోడవుతుందన్నది రెండు అంకెల మీద ఆధారపడుతుంది: డయాఫ్రమ్ వైశాల్యం, వ్యాక్యూమ్ లోతు. 8 అంగుళాల డయాఫ్రమ్ వైశాల్యం సుమారు 324 చదరపు సెంటీమీటర్లు. వ్యాక్యూమ్ 18 అంగుళాల పాదరసం ఉంటే గరిష్ఠంగా 200 కిలోల తోపు వస్తుంది, 10 అంగుళాలే ఉంటే 112 కిలోలు. పై లెక్కలోనే పెడితే పవర్ బ్రేకుల అమరికలో 30 కిలోల పాదానికి మంచి వ్యాక్యూమ్‌తో చదరపు సెంటీమీటరుకు 50 కిలోల దాకా వస్తుంది. బలహీనమైన వ్యాక్యూమ్‌తో 36. అంటే పదునైన క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచి ఐడిల్‌లో వ్యాక్యూమ్ తగ్గించే రకం) వేసిన ఇంజిన్ మీద బూస్టర్ ఇచ్చే ఒత్తిడి, అంగుళం బోరుతో బూస్టరే లేని అమరిక ఇచ్చే 35కు సమానం. అంత పెద్ద డబ్బా, హోసు, వ్యాక్యూమ్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ మోసుకు తిరిగినందుకు మిగిలే లాభం ఒక కిలో.

ఆ 200 కిలోలు గరిష్ఠ హద్దు. వెనక గది నిండా బయటి గాలి పీడనం చేరాక బూస్టర్ ఇవ్వగలిగింది అయిపోయినట్టే. ఆ తర్వాత పెరిగే ఒత్తిడంతా కాలి బలం నుంచే రావాలి, అదీ నిష్పత్తి 4 మీద. ఎత్తయిన కొండ ప్రాంతాల్లో ఈ హద్దు ఇంకా ముందే వస్తుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక అంగుళం వ్యాక్యూమ్ తగ్గుతుంది.

‘కాలికి తెలియదు’ అన్న ఫిర్యాదు వెనక కూడా ఒక చిన్న భాగం ఉంది. పుష్‌రాడ్‌కూ వాల్వ్‌కూ మధ్య బిళ్లలాంటి రబ్బరు ముక్క ఉంటుంది, రియాక్షన్ డిస్క్ అంటారు. మాస్టర్ సిలిండర్ నుంచి తిరిగి వచ్చే ఒత్తిడిలో కొంత భాగాన్ని పెడల్‌కు చేరవేసేది అదే. బూస్టర్ విప్పి మళ్లీ బిగించినప్పుడు ఆ బిళ్ల జారి కిందపడితే పెడల్ తాకితే చాలు చక్రాలు పట్టేస్తాయి. నిజానికి పవర్ బ్రేకులంటే విముఖత కలిగించిన కార్లలో కొన్నింటికి కావలసింది కొత్త అమరిక కాదు, ఆ బిళ్ల.

## డ్రమ్ముల కాలంలో బూస్టర్ ఎందుకు అక్కర్లేకపోయింది

వ్యాక్యూమ్ సర్వో, అంటే ఈ బూస్టరే, కొత్తదేమీ కాదు. బెల్జియం ఇంజినీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ రూపొందించిన సర్వోను 1920 దశకం చివర్లోనే బాష్ అమ్మింది. అయినా తర్వాత ముప్పై ఏళ్లు చాలా స్పోర్ట్స్ కార్లు అది లేకుండానే తిరిగాయి. కారణం డ్రమ్ము స్వభావం. డ్యుయో-సర్వో రకం డ్రమ్ములో ముందు షూ (లోపలి బ్రేకు పట్టీ) తిరిగే డ్రమ్ముకు పట్టుకుని, రెండో షూను మరింత గట్టిగా నొక్కుతుంది. కారు కదలికే బ్రేకుకు బలమిస్తుంది. వేడెక్కితే పట్టు జారడం, తడిస్తే ఒక పక్కకు లాగడం దీని మరో ముఖం.

డిస్కులో ఈ స్వయం సహాయం ఉండదు. ప్యాడ్‌ను ఎంత నొక్కితే అంతే పట్టు. 1953లో డన్‌లప్ డిస్కులతో జాగ్వార్ సీ-టైప్ లె మాన్స్ గెలిచింది. 1956లో ట్రయంఫ్ టీఆర్3 ముందు చక్రాలకు గిర్లింగ్ డిస్కులు వచ్చాయి. ఆ తర్వాత బరువైన కార్లకు సర్వో దాదాపు తప్పనిసరైంది. 1961 జాగ్వార్ ఈ-టైప్ నాలుగు డిస్కులతో, సర్వోతో వచ్చింది. తేలికైనవి మాత్రం నిలదొక్కుకున్నాయి. 1964లో మొదలైన పోర్షే 911 నాలుగు చక్రాలకూ డిస్కులున్నా పదేళ్లకు పైగా బూస్టర్ లేకుండానే అమ్ముడైంది. డిస్కు ఉంటే బూస్టర్ ఉండి తీరాలన్న వాదనకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

## వ్యాక్యూమ్ గేజి చెప్పే మాట

నిర్ణయం తీసుకునే ముందు కావలసిన పరికరం ఒక వ్యాక్యూమ్ గేజి. ఇంజిన్ బాగా వేడెక్కాక, థ్రాటిల్ కంటే కింద, మానిఫోల్డ్ ప్లీనం (సిలిండర్లకు వెళ్లే గాలి చేరే గది) మీదున్న పోర్టుకు తగిలించి ఐడిల్‌లో చూడాలి. ఆటోమేటిక్ గేరుబాక్సు అయితే హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, డ్రైవ్‌లో ఉంచి చూడాలి. న్యూట్రల్‌లో కనిపించే అంకె అక్కడ పడిపోతుంది. కదలకుండా 17 నుంచి 21 అంగుళాలు చూపితే ఏ బూస్టరైనా పనిచేస్తుంది. 16 కంటే దిగితే సందేహం. 12 కంటే తక్కువ ఉంటే మామూలు బూస్టర్ మీద ఆశ వదులుకోవచ్చు.

క్యామ్ కాలవ్యవధి పెరిగి, ఇన్‌టేక్, ఎగ్జాస్టు వాల్వులు ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరిగినకొద్దీ ఐడిల్‌లో వ్యాక్యూమ్ కుప్పకూలుతుంది. సిలిండర్‌కొక గొంతు చొప్పున ఉండే వెబర్ కార్బురేటర్లలో ఇంకో చిక్కు ఉంది. ఏ గొంతూ స్థిరమైన వ్యాక్యూమ్ ఇవ్వదు, దడదడలాడే అలలు మాత్రమే వస్తాయి. ఒకే గొంతు నుంచి లాగితే ఆ సిలిండర్‌కు మిశ్రమం పలచబడుతుంది. అన్ని గొంతుల నుంచీ సన్న గొట్టాలు తీసి ఒక చిన్న డబ్బాలో కలపాలి.

అయితే ఐడిల్ అంకె ఒక్కటే పూర్తి కథ కాదు. వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు పదునైన క్యామ్ ఉన్న ఇంజిన్ కూడా మంచి వ్యాక్యూమ్ లాగుతుంది. చెక్ వాల్వ్ దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి హైవే మీద మొదటి బ్రేకు బాగానే పడుతుంది. కష్టం మెల్లగా పార్క్ చేసేటప్పుడు వస్తుంది. ఐడిల్‌లో పాకుతూ పెడల్‌ను రెండు మూడుసార్లు నొక్కి వదిలితే నిల్వ ఖర్చయి, నాలుగోసారి పెడల్ బిగుసుకుంటుంది.

దీనికి అమ్మే పరిష్కారాల్లో వ్యాక్యూమ్ రిజర్వాయర్ డబ్బా అన్నిటికంటే చవక, అన్నిటికంటే ఎక్కువ నిరాశపరిచేది. అది నిల్వను పెంచుతుంది, వ్యాక్యూమ్‌ను పెంచదు. ఇంజిన్ 10 అంగుళాలు ఇస్తే డబ్బాలో ఉండేదీ 10 అంగుళాలే. విద్యుత్ వ్యాక్యూమ్ పంపు నిజంగానే పెంచుతుంది. దానికి రిలే, ఫ్యూజు, ప్రెషర్ స్విచ్ పెట్టి విడిగా వైరింగ్ చేయాలి, శబ్దం భరించాలి. పవర్ స్టీరింగ్ ఉన్న కారుకు మూడో దారి ఉంది. బెండిక్స్ 1970 దశకంలో తెచ్చిన హైడ్రో-బూస్ట్ స్టీరింగ్ పంపు ఒత్తిడితో నడుస్తుంది, ఇంజిన్ వ్యాక్యూమ్‌తో దానికి పని లేదు. గొట్టాలు ఎక్కువ, లీకయ్యే చోట్లూ ఎక్కువే.

## మార్చేటప్పుడు ఎక్కడ తప్పుతుంది

పవర్ నుంచి మామూలుకు. బూస్టర్ తీశాక ఫైర్‌వాల్ మీద మాస్టర్ సిలిండర్‌ను సూటిగా బిగిస్తారు. పుష్‌రాడ్ పెడల్ పై రంధ్రానికి మారాలి. కింది రంధ్రంలోనే ఉంచితే నిష్పత్తి 4 దగ్గరే మిగులుతుంది. రంధ్రం మార్చాక పుష్‌రాడ్ సిలిండర్‌లోకి ఏటవాలుగా వెళ్తుంటే పిస్టన్ ఒక పక్క అరిగి సీలు పాడవుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది, తరచూ చూపు దాటిపోయేది. మామూలు బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ వెనక గుంట లోతుగా, సుమారు రెండు వేళ్ల కణుపులంత ఉంటుంది. పవర్ సిలిండర్‌లో ఆ గుంట పైపైనే ఉంటుంది, ఎందుకంటే బూస్టర్ రాడ్ అక్కడి నుంచి జారే వీలు లేదు. లోతు లేని సిలిండర్‌ను మామూలు అమరికలో వాడితే, పెడల్ వెనక్కి గట్టిగా లేచినప్పుడు పుష్‌రాడ్ గుంటలోంచి ఊడి పక్కకు పడుతుంది. ఆ తర్వాత పెడల్ నొక్కితే ఏమీ జరగదు. రాడ్‌ను పట్టి ఉంచే క్లిప్పు గానీ లోతైన గుంట గానీ లేని సిలిండర్‌ను ఎంత చవకగా వచ్చినా తీసుకోకూడదు.

మామూలు నుంచి పవర్‌కు. ఇక్కడ చూడవలసింది బూస్టర్ రాడ్ పొడవు. రాడ్ కొసకూ మాస్టర్ పిస్టన్‌కూ మధ్య అర మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. రాడ్ పొడవైతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రిజర్వాయర్‌లోకి ఆయిల్ తిరిగి వెళ్లే సన్న రంధ్రం మూసుకుని ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కు దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయి. పొట్టిదైతే పెడల్ మొదటి భాగం వృథాగా దిగుతుంది. పాత మామూలు పెడల్‌కు బూస్టర్ పెడుతూ 6 నిష్పత్తినీ సన్న బోరునూ అలాగే ఉంచితే మరో ఇబ్బంది: పాదం ఆనించగానే చక్రాలు లాక్ అవుతాయి, తడి రోడ్డు మీద ఇది బూస్టర్ లేకపోవడం కంటే చెడ్డది. వ్యాక్యూమ్ హోసు దళసరిగా, వ్యాక్యూమ్‌కు ఉద్దేశించినదై ఉండాలి. పెట్రోలు గొట్టం వేడికి మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుంది.

బ్రిటిష్ కార్లకు విడిగా పెట్టే రిమోట్ సర్వో పెడల్‌ను ముట్టుకోదు. మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చే లైను అందులోకి వెళ్లి, పెరిగిన ఒత్తిడితో బయటికి వస్తుంది. చోటు సమస్య తీరుతుంది. లోపలి సీలు అరిగితే మాత్రం బ్రేకు ఆయిల్‌ను వ్యాక్యూమ్ ఇంజిన్‌లోకి పీల్చుకుంటుంది. బయట చుక్క కూడా కనబడకుండా రిజర్వాయర్ ఖాళీ అవుతుంటే, ఎగ్జాస్టులో తెల్లటి పొగ వస్తుంటే అనుమానించవలసింది దీన్నే. నాలుగు చక్రాలకూ కలిపి ఒకే ఆయిల్ సర్క్యూట్ ఉన్న పాత కారులో ఈ లీకు మొత్తం బ్రేకులనే తీసుకుపోతుంది.

## ప్యాడ్లు, అంతకు ముందు గాలి

గట్టి పెడల్ ఉందని బూస్టర్ వెతుక్కునే ముందు ప్యాడ్ అంచున ముద్రించిన రెండు అక్షరాలు చూడడం మంచిది. మొదటిది చల్లగా ఉన్నప్పటి ఘర్షణ గుణకం, రెండోది వేడిమీద. ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. ఇఇ ప్యాడ్ల నుంచి ఎఫ్‌ఎఫ్‌కు మారితే అదే పాదం బలానికి పట్టు సుమారు మూడో వంతు పెరుగుతుంది. కాలి శ్రమ తగ్గించడానికి ఇంత తేలిక మార్గం మరొకటి లేదు. పోటీల కోసం చేసిన ప్యాడ్లు మాత్రం వేడెక్కితే గానీ పట్టవు. రోడ్డు మీద, బూస్టర్ లేని కారులో, మొదటి బ్రేకుకే అవి పరీక్ష పెడతాయి.

మెత్తగా, స్పాంజిలా దిగే పెడల్ వేరే జబ్బు, దానికి బూస్టర్ మందు కాదు. కార్వెట్ నాలుగు పిస్టన్ల కాలిపర్లలో ఇది ప్రసిద్ధం. డిస్కు మిల్లీమీటరులో పదో వంతు వంకర తిరిగినా పిస్టన్లు ప్రతి చుట్టుకూ లోపలికి బయటికి ఊగుతాయి. వాటి సీళ్లు ఆయిల్‌ను ఆపగలవు గానీ ఆ ఊపుకు బయటి గాలిని లోపలికి రానిస్తాయి. ఎన్నిసార్లు గాలి తీసినా కొన్ని వారాలకు పెడల్ మళ్లీ మెత్తబడుతుంది. డయల్ గేజితో డిస్కును, బేరింగును సరిచేస్తేనే తగ్గుతుంది.

## ఉన్న బూస్టర్ బాగుందో లేదో

ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కి, నొక్కి పట్టుకునే స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. ఇంజిన్ ఆపేసి అరనిమిషం ఆగి నొక్కితే మొదటిసారి మెత్తగా, తర్వాత వరసగా గట్టిపడుతూ రావాలి. మొదటిసారే గట్టిగా ఉంటే చెక్ వాల్వో హోసో పట్టు తప్పింది. పెడల్ నొక్కి పట్టుకున్నంతసేపూ ఐడిల్ తడబడుతూ బుస్సుమనే శబ్దం ఆగకపోతే డయాఫ్రమ్ చిరిగింది. మాస్టర్ సిలిండర్ కింద బూస్టర్ రంగు బుడగలు కట్టి ఊడుతుంటే సిలిండర్ వెనక సీలు కారుతోంది. ఆ ఆయిల్ బూస్టర్ అడుగున చేరి రబ్బరును తింటుంది, బూస్టర్ ఒక్కటే మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

## ఏ కారుకు ఏది

వెయ్యి కిలోల లోపు బరువు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న కారుకు మామూలు బ్రేకులే సరిపోతాయి. సన్న బోరు, మంచి ప్యాడ్లు ఉంటే చాలు. 1500 కిలోలకు దగ్గరగా ఉండే వీ8 కార్లలో ఇంజిన్ మార్పుల్లేకుండా ఉండి, ఇంట్లో ఒకరికంటే ఎక్కువ మంది నడుపుతుంటే, లేదా మోకాలి నొప్పి ఉన్నవారు నడుపుతుంటే బూస్టర్ తీయడంలో అర్థం లేదు. అదే కారుకు పెద్ద క్యామ్ వేసి ఉంటే మొగ్గు తిరగబడుతుంది. సరైన నిష్పత్తితో, అంగుళం లేదా 15/16 బోరుతో మామూలు బ్రేకులు బలహీనమైన బూస్టర్ కంటే నమ్మదగినవి, ఎందుకంటే అవి ఈ రోజు ఒకలా రేపు ఒకలా ఉండవు. ఫ్యాక్టరీ స్థితికి విలువ ఉన్న కారైతే తీసిన భాగాలన్నీ పేర్లు రాసి దాచాలి.

ఏది ఎంచుకున్నా పని పూర్తయ్యాక కాలిపర్‌లో గాలి తీసే బ్లీడర్ రంధ్రానికి ప్రెషర్ గేజి తగిలించి, మామూలుగా గట్టిగా నొక్కినప్పుడు ఎంత ఒత్తిడి వస్తుందో చూడడం మేలు. లెక్కకు దూరంగా ఉంటే రంధ్రమో బోరో తప్పింది. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగం నుంచి కొన్నిసార్లు ఆపి, పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి, చక్రాల దగ్గర చేయి పెట్టి చూడాలి. ఒక్క చక్రమే వేడిగా ఉంటే ఆ కాలిపరో హోసో పట్టేసింది. నాలుగూ వేడిగా ఉంటే మళ్లీ పుష్‌రాడ్ పొడవు దగ్గరికి వెళ్లాలి.